మూడేళ్ల పాపకు బొమ్మల పుస్తకం ఎంపిక

నమస్కారమండీ. మీ మూడేళ్ల పాప కథ పూర్తికాకముందే పేజీలు తిప్పేస్తోందని రాశారు. అందులో పాప లోపమేమీ లేదు. పేజీకి ఒకటి రెండు వాక్యాలకు మించి ఉంటే, మనం చదవడం ముగించేలోపే ఆ వయసు పిల్లల చూపు బొమ్మను దాటిపోతుంది. కొనే ముందు మాటలను అరచేత్తో మూసి, బొమ్మలతోనే కథ తెలుస్తోందో లేదో చూడండి. తర్వాత ఒక పేజీ పైకి చదవండి. కృతకమైన అనువాదపు తెలుగుకు నాలుక తడబడితే ఆ పుస్తకం వద్దు. మా అబ్బాయి, బొమ్మలో మంచం కింద దాక్కున్న పిల్లి తోకను చూపించడానికే ఒక పుస్తకాన్ని నెల రోజులు తెరిపించాడు. సికింద్రాబాదులోని 'మంచి పుస్తకం' వారి ప్రచురణలు చూడండి. పిల్లల పుస్తకాల ప్రచురణ సంస్థ ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి కనుక, అన్నిటికన్నా తేలికైన మొదటి స్థాయి కథలు కొన్ని చదివి వినిపించి, పాప మళ్లీ అడిగిన తరహావే కొనండి.