జేబులో పట్టే స్కానింగ్ మెషిన్‌ని నమ్మొచ్చా?

మీ అత్తగారిని ఫోన్‌కి తగిలించిన చిన్న అల్ట్రాసౌండ్ మెషిన్‌తో చూసి ‘ఊపిరితిత్తి చుట్టూ నీరుంది’ అన్నారని, మళ్లీ పెద్ద స్కానింగ్ తీయించాలా అని అడిగారు. నీరుందా లేదా అన్నంతవరకు నమ్మొచ్చండీ. మా నాన్నగారికీ ఇలాగే అయింది.

మాది పి.గన్నవరం దగ్గర గోదావరి మధ్యనున్న లంక. ఆ ఏడు వరదకి ఊరికొచ్చే కాజ్‌వే దారి మునిగిపోయింది. నాన్నగారికి ఒకటే ఆయాసం, పడుకుంటే ఊపిరాడదు. పడవలో రేవు దాటించి, ఆటోలో అమలాపురం చేర్చేసరికి రాత్రి పదైంది. నర్సింగ్ హోమ్‌లో ఎక్స్‌రే అబ్బాయి ఇంటికెళ్లిపోయాడు. అడ్మిట్ చేసుకున్నాక డ్యూటీ డాక్టరుగారు షేవింగ్ మెషిన్ అంత ప్రోబ్, అంటే ఒంటి మీద ఆనించి చూసే పరికరం, తెచ్చి ఫోన్‌కి గుచ్చారు. వీపు మీద జెల్లీ రాయగానే ‘అబ్బ, చల్లగా ఉందిరా’ అని నాన్నగారు ముడుచుకుపోయారు. ఫోన్‌లో పక్కటెముకల వెనక నల్లగా మడుగులా కనబడింది, అందులో ఊపిరితిత్తి అంచు ఊగుతోంది. ఆ నలుపే నీరట. పెన్నుతో గుర్తు పెట్టి, అక్కడే సూది వేసి లీటరు దాకా తీశారు. మధ్యలో డాక్టరుగారి ఫోన్ ఛార్జింగ్ అయిపోవస్తే నా ఛార్జరే ఇచ్చాను!

నీరు ఎందుకు పట్టిందో మాత్రం మెషిన్ చెప్పలేదు. ల్యాబ్‌కి పంపితే టీబీ అని తేలింది, ఆరు నెలలు మందులు వాడాం. ఆ రాత్రే పొట్ట మీద కూడా ఓసారి తిప్పి ‘బానే ఉంది’ అన్నారు. నెల తర్వాత పెద్ద మెషిన్ మీద కిడ్నీలో 6 మిల్లీమీటర్ల రాయి బయటపడింది. అందుకే ‘దేనికోసం చూశారు’ అని డాక్టరుగారిని అడగండి. దాని వరకే ఆ మాట.

ఇంత చిన్నది కదా, మా లంకకే తెచ్చి చూడొచ్చుగా అన్నాను. కుదరదన్నారు. కడుపులో బిడ్డ ఆడో మగో చెప్పకుండా 1994లో తెచ్చిన చట్టం దీనికీ వర్తిస్తుంది. మెషిన్‌కి రిజిస్ట్రేషన్ ఉండాలి. 2012 నిబంధన ప్రకారం ఆ ఆస్పత్రిలో చేరినవాళ్లకి వాడాలి, లేదా మిగతా వైద్యం కూడా చేసే సంచార వైద్య వాహనంలో. ముసలాయన ఆయాసానికీ దీనికీ ఏమిటి సంబంధం అని విసుక్కున్నా గానీ, ఆ చట్టం ఎందుకొచ్చిందో తెలిసి గట్టిగా అనలేకపోయాను.

ఇంతకీ మీ అత్తగారికి నీరు తీసి టెస్టుకి పంపారా? ముందు ఆ సంగతి కనుక్కోండి, పెద్ద స్కానింగ్ మాట తర్వాత.