చిన్నా, నీ కొత్త పరిచర్య గురించి

చిన్నా,

వందనాలు. మీ నాన్న నిన్న రాత్రి గుంటూరు నుంచి ఫోన్ చేశాడు. నువ్వు మీ సంఘంలో కొత్త పరిచర్య మొదలుపెడుతున్నావట. తుపాకీ కాల్పుల్లో మనుషుల్ని పోగొట్టుకున్న ఇళ్లకు వెళ్తారట, భోజనాలు పట్టుకెళ్తారట, ప్రార్థన చేసి వస్తారట. చెబుతూ ఉంటే అన్నయ్య గొంతు వణికింది. "నువ్వు దగ్గర్లోనే ఉన్నావు కదా, వాణ్ని కాస్త చూసుకో" అన్నాడు. రాత్రంతా నిద్ర పట్టలేదు. భయం సగం, సంతోషం సగం. ఫోన్ చేస్తే "సరే అత్తా, సరే అత్తా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

మన డాలస్ దగ్గర ఆలెన్ మాల్‌లో కాల్పులు జరిగిన రోజు నీకు గుర్తుందా? 2023 మే 6, శనివారం. ఎనిమిది మంది పోయారు, అందులో హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంజనీరమ్మాయి ఒకరు. నువ్వు ఎక్కడున్నావో తెలియక ఆ సాయంత్రం నేను నీకు ఎన్నిసార్లు ఫోన్ చేశానో లెక్క లేదు. చివరికి ఎత్తి, "మీటింగ్‌లో ఉన్నాను అత్తా" అన్నావు. వంటింట్లో నేల మీద కూర్చుండిపోయాను. ఆ భయమే నిన్ను ఈ పనికి లేపింది అనుకుంటున్నాను. మంచిదే. దేవుడు నిన్ను దీవించును గాక.

ముందు చిన్న సంగతులు. ఒక్కడివే వెళ్లకు, ఇద్దరు వెళ్లండి, ఒకరు ఆడమనిషి అయితే మంచిది. వెళ్లే ముందు అడగండి. తీసుకెళ్లే గిన్నెలు తిరిగి అడగకండి. పిల్లల్ని స్కూల్‌కి ఎవరు దింపుతారో కనుక్కోండి. టెక్సస్ అటార్నీ జనరల్ ఆఫీసు నేర బాధితులకు పరిహారం ఇస్తుంది, అంత్యక్రియల ఖర్చు కూడా అందులో వస్తుంది. మూడేళ్లలోపు దరఖాస్తు పెట్టాలి. ఆ ఫారం వాళ్ల దగ్గర కూర్చుని నువ్వే నింపు.

ఒకటి మాత్రం మరిచిపోవద్దు, వీసా. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేతేలో మన తెలుగు ఇంజనీరును ఒక బార్‌లో కాల్చి చంపారు. ఆయన భార్య అంత్యక్రియలకు హైదరాబాద్ వెళ్లింది. ఆమె ఇక్కడ ఉండే హక్కు భర్త మీద ఆధారపడి ఉంది కాబట్టి తిరిగి రావడమే ప్రశ్న అయింది. భర్తతోపాటు వీసా కూడా పోతుంది చిన్నా. మొదటి వారంలోనే ఇమ్మిగ్రేషన్ లాయర్ దగ్గరకు తీసుకెళ్లు. ప్రార్థన ఎంత అవసరమో ఇదీ అంతే అవసరం.

ఇక అసలు సంగతి. ఇది మీ నాన్నకు కూడా నేను పూర్తిగా చెప్పలేదు.

2015 జూన్ 17న సౌత్ కరోలినాలోని చార్లెస్టన్‌లో, ఇమాన్యుయేల్ చర్చిలో బుధవారం రాత్రి బైబిలు స్టడీ జరుగుతోంది. తెలియని కుర్రాడు వస్తే నల్లజాతి విశ్వాసులు చోటిచ్చి కూర్చోబెట్టుకున్నారు. దాదాపు గంటసేపు వాళ్ల మధ్యే కూర్చున్నాడు. అందరూ కళ్లు మూసుకుని ప్రార్థిస్తుండగా కాల్చాడు. తొమ్మిది మంది చనిపోయారు. రెండు రోజులకు కోర్టులో, ఆ కుటుంబాల వాళ్లు కొందరు వీడియోలో కనిపిస్తున్న అతనితో "నిన్ను క్షమిస్తున్నాను" అన్నారు. అది టీవీలో చూసి మా సంఘమంతా ఏడ్చాం. విశ్వాసం అంటే ఇదీ అని ప్రతి కూడికలోనూ చెప్పుకున్నాం.

ఆ ఏడాది చివర్లోనే మా సంఘంలో ఒకాయన పోయాడు. గ్యాస్ స్టేషన్‌లో రాత్రి డ్యూటీ. క్యాష్ డబ్బా ఇచ్చేసినా కాల్చారు. భార్య, ఇద్దరు పిల్లలు. చిన్నది నర్సరీ. అప్పుడు స్త్రీల సమాజం బాధ్యత నాది. తొమ్మిదో రోజు ఆదరణ కూడిక పెట్టాం. ఆ ఉదయం వాళ్లింటికి వెళ్లాను. ఆమె వంటింట్లో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. "ఈ రోజు సాక్ష్యం చెబితే బాగుంటుందమ్మా. చార్లెస్టన్ వాళ్లు రెండో రోజుకే చెప్పారు" అన్నాను. ఏం చెప్పాలో తెలియదంది. నేను కాగితం తీసి నాలుగు వాక్యాలు రాసిచ్చాను. "నా భర్తను చంపినవాణ్ని యేసు నామంలో క్షమిస్తున్నాను" అన్నది మూడో వాక్యం.

చదివింది. అందరూ ఆమెన్ అన్నారు, హల్లెలూయ అన్నారు. ఎవరో వీడియో తీశారు, గంటలో అది అందరి వాట్సాప్‌లోనూ తిరిగింది. ఆమె కాగితం మడిచి నా చేతికే ఇచ్చేసింది. నేను ఆ రాత్రి దేవుణ్ని స్తుతించి పడుకున్నాను. నా వల్ల ఆ ఇల్లు నిలబడింది అనుకున్నాను.

తర్వాత ఆమె మెల్లగా సంఘానికి రావడం తగ్గించింది. ఈస్టర్‌కి రాలేదు. బిజీగా ఉందేమో అనుకున్నాం. ఆ మరుసటి ఏడాది కేసు తీర్పుకు వచ్చింది. ఇక్కడ శిక్ష వేసే ముందు, పోయినవాళ్ల మనుషులు కోర్టులో నిలబడి తమ నష్టం ఏమిటో చెప్పుకోవచ్చు. కోర్టు వాళ్లు ఆమెకు ఫోన్ చేశారట. ఆమె వెళ్లలేదు. నేను విని పరుగెత్తాను. "ఎందుకు వెళ్లలేదమ్మా?" అని అడిగాను. "క్షమించానని అందరి ముందూ చెప్పేశాను కదక్కా. ఇంక నాకు కోపం ఉందని ఏ ముఖంతో చెప్పను?" అంది. కాసేపాగి, "మీరు రాసిచ్చింది నేను చదివాను. నా మాట ఇంతవరకు ఎవరూ అడగలేదు" అంది.

చిన్నా, ముప్పై ఏళ్లు ఎమర్జెన్సీలో నర్సుగా చేశాను. పచ్చి గాయం మీద కుట్లు వేసి లోపల చీము వదిలేస్తే ఏమవుతుందో నాకు తెలియనిది కాదు. అదే పని ఒక మనిషికి చేశాను.

చార్లెస్టన్ గురించి నాకు తెలియని సగం తర్వాత తెలిసింది. ఆ రోజు చనిపోయిన ఒక పెద్దావిడకు ఉన్న కూతుళ్లలో ఒకావిడ కోర్టులో ముందుగా క్షమించానంది. ఇంకో కూతురు రెవరెండ్ షారన్ రిషర్, అప్పుడు మన డాలస్‌లోనే హాస్పిటల్ చాప్లిన్, అంటే రోగుల దగ్గరకు వెళ్లి ఆదరించే పాస్టరు. తనకు ఆ మాట అప్పుడే రాలేదని, ఏళ్లు పట్టిందని ఆవిడ బయటే చెప్పింది. ఒకే తల్లి పిల్లలు, ఒకే చర్చి, ఒకే బైబిలు. ఇద్దరిలో ఎవరి విశ్వాసం తక్కువని అంటాం?

పెన్సిల్వేనియా నికెల్ మైన్స్ సంగతీ నీకు తెలిసే ఉంటుంది. 2006లో బడిలో ఐదుగురు అమిష్ ఆడపిల్లల్ని చంపాడొకడు. అమిష్ అంటే పాతకాలం పద్ధతిలో బతికే క్రైస్తవులు. ఆ అమిష్ వాళ్లు హంతకుడి భార్యను పలకరించారు, అతని భూస్థాపనకు వెళ్లి నిలబడ్డారు. వాళ్ల చేతికి ఎవరూ మైకు ఇవ్వలేదు.

రెండో సమూయేలు 21లో రిస్పా ఉంది చూడు. చంపేసిన కొడుకుల శవాల దగ్గర బండ మీద గోనెపట్ట పరుచుకుని, కోతకాలం నుంచి వాన పడేదాకా పక్షుల్ని, మృగాల్ని తోలుతూ కూర్చుంది. ఆమె నోట ఒక్క మాట కూడా రాసి లేదు. నువ్వు వెళ్లే ప్రతి ఇంట్లోనూ ఒక రిస్పా ఉంటుంది. ఆమె పక్కన బండ మీద కూర్చో. ఆమె మాట ఎప్పుడు వస్తే అప్పుడు విను. అది తిట్టు అయినా విను.

ఇప్పుడు కొంచెం కోపంగా రాస్తాను, ఏమనుకోకు. మీ సంఘ పెద్దలు తుపాకులతో సెక్యూరిటీ టీం పెడదామంటున్నారట. 2019 డిసెంబరులో ఫోర్ట్‌వర్త్ దగ్గర వైట్ సెటిల్‌మెంట్ చర్చిలో, ఇద్దర్ని చంపినవాణ్ని ఆరు సెకన్లలో సెక్యూరిటీ ఆయన కాల్చేశాడని చెబుతారు. నిజమే. ఆయన ఒకప్పుడు రిజర్వ్ డిప్యూటీ షెరీఫ్, అంటే పోలీసు పని చేసినవాడు, తుపాకీ శిక్షణ ఇచ్చేవాడు. మన వాళ్లు వారం రోజుల క్లాసుకు వెళ్లి వచ్చి, పిల్లల సండే స్కూల్ పక్కన నడుముకి తుపాకీ పెట్టుకుని తిరుగుతారా? పెద్దలతో మాట్లాడు. భయపడి తీర్మానం చేయొద్దని చెప్పు.

దానికంటే నాకు ఎక్కువ భయం ఇంట్లో ఉన్న తుపాకీ. 2021లో ఈ దేశంలో తుపాకీతో పోయినవాళ్లు 48 వేల పైమాటే. అందులో సగానికి పైగా ఆత్మహత్యలు. మన సంఘాల్లో ఆ మాటే ఎత్తరు, పాపం అని ఒక ముక్కలో ముగిస్తారు. ఉద్యోగం పోయినవాడు, వీసా టెన్షన్‌లో నిద్రపోనివాడు, పరీక్ష తప్పిన పిల్లవాడు మన బెంచీల మీదే కూర్చుని ఉంటారు. ఒక్క గడ్డు రాత్రి తుపాకీ చేతికి అందకపోతే మర్నాడు బతికి ఉంటారు. నేను చూశాను. నీ పరిచర్యలో ఈ ఇళ్లూ ఉండాలి.

పోయిన నెల కోడలు పిల్లను అడిగాను, ఇంట్లో తుపాకీ కొన్నారా అని. మాట మార్చింది. నాకు అర్థమైంది. ఆలెన్ తర్వాత చాలామంది కొన్నారు, నిన్ను తప్పు పట్టను. పాపకు రెండేళ్లు నిండాయి, సోఫా ఎక్కుతోంది, ప్రతి డ్రాయరూ లాగుతోంది. నీ చిన్నప్పుడు మీ నాన్న బ్లేడు కోసం అల్మరా ఎక్కి పడినవాడివి నువ్వు. ఆ గడ్డం కింద మచ్చ ఇంకా ఉంది కదా.

ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరూ పాపను తీసుకుని ఇంటికి రండి. పప్పుచారు, గోంగూర చేస్తాను. ఆ కాగితం నా బైబిలులో రిస్పా ఉన్న పేజీలోనే పెట్టుకున్నాను, నీకు చూపిస్తాను. పోలీస్ స్టేషన్‌లో ఉచితంగా ఇస్తుంటే తుపాకీకి వేసే కేబుల్ తాళం ఒకటి తెచ్చి టేబుల్ మీద పెట్టాను. వెళ్లేటప్పుడు పట్టుకెళ్లు.

మీ అత్త