శత్రువు నియమం తప్పితే మనమూ తప్పవచ్చా? ద్రాస్‌లో శవాలు మోసిన ఒక మాజీ సిపాయి జవాబు

అవతలివాడు యుద్ధ నియమాలు పాటించనప్పుడు మనమెందుకు పాటించాలని అడిగారు. ఇదే ప్రశ్న 1999 జూన్‌లో నన్ను అడిగుంటే "అక్కర్లేదు" అనేవాణ్ణి. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు, కార్గిల్ యుద్ధంలో డ్యూటీ ద్రాస్‌లో.

మే 15న కాక్సర్ దగ్గర గస్తీలో పట్టుబడిన కెప్టెన్ సౌరభ్ కాలియా, ఐదుగురు జవాన్ల దేహాలను పాకిస్తాన్ జూన్ 9న అప్పగించింది. చిత్రహింసలు పెట్టి చంపారని మన పోస్ట్‌మార్టంలో తేలింది, వాళ్లు ఒప్పుకోలేదు. ఆ కబురు మాకు లంగర్ (మా భోజనశాల) దగ్గర తెలిసింది. ఆ పూట చాలామంది రోటీ ముట్టలేదు. "ఒక్కడు ప్రాణాలతో చేతికి చిక్కితే చాలు" అని నేనే పైకి అన్నాను.

నా చేతికి చిక్కింది మాత్రం ప్రాణం లేనివాళ్లు. జూలైలో ద్రాస్ దగ్గరి టైగర్ హిల్ కొండ మనదయ్యాక శవాలు కిందికి దించే పనిలో వేశారు. వాళ్లు మా సైనికులే కాదంటూ చాలా శవాలను పాకిస్తాన్ తీసుకోలేదు. ఆనవాళ్ల కోసం ఒకతని జేబులు నేనే వెతికాను. గుప్పెడు ఎండు ఖుబానీలు (ఆప్రికాట్లు), నాలుగు మడతలు పెట్టిన ఉర్దూ ఉత్తరం. చదవడం వచ్చిన మావాడొకడు చదివాడు: ఆవు ఈనిందట, దూడ బాగుందట. ఇతను కాక్సర్‌లో ఉన్నాడో లేదో ఎవరికి తెలుసు? నెల రోజులుగా నేను పళ్లు నూరుతున్నది ఎవరి మీద?

అలాగని నా మనసేమీ కరగలేదు. అక్కడి నేలంతా రాయి. ఒక్కో గుంటకు పలుగుతో గంటలు పట్టేది, తవ్వినంతసేపూ తిట్టుకుంటూనే తవ్వాను. మౌల్వీ సాబ్ నమాజు చదివారు, పాకిస్తాన్ జెండా కప్పి పూడ్చాం. ఆర్డర్ కాబట్టి చేశాను. కోపం చల్లారినవాడికి ఆర్డర్‌తో పనేముంది, నాలాంటివాడికే అది కావాలి. అదే టైగర్ హిల్ మీద పోయిన పాక్ కెప్టెన్ కర్నల్ షేర్ ఖాన్ (కర్నల్ అతని పేరే, హోదా కాదు) జేబులో, బాగా పోరాడాడని మన బ్రిగేడియర్ ఎం.పి.ఎస్. బాజ్వా చీటీ రాసి పెట్టి పంపారు. తర్వాత పాకిస్తాన్ అతనికి తమ అత్యున్నత సైనిక పురస్కారం నిషాన్-ఎ-హైదర్ ఇచ్చింది.

చట్టం సంగతికొస్తే, 1949 నాటి మూడో జెనీవా ఒప్పందం 13వ అధికరణం ఖైదీల మీద ప్రతీకారాన్ని నిషేధించింది. దానికి ముందు లోకం దెబ్బ తినే ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942లో ఫ్రాన్స్ తీరంలోని డియెప్ మీద మిత్రపక్షాల దాడి తర్వాత జర్మన్లు మిత్రపక్షాల ఖైదీలకు సంకెళ్లు వేశారు. మేమేం తక్కువా అని బ్రిటన్, కెనడా తమ దగ్గరున్న జర్మన్లకు వేశాయి. జర్మనీ దిగివచ్చిందా? లేదు. బ్రిటన్ డిసెంబరులో విప్పేసినా జర్మన్లు 1943 నవంబరు దాకా విప్పలేదు. చర్మం ఒరుసుకుపోయింది ఇరువైపులా ఖైదీలకే, హుకుం ఇచ్చినవాళ్లకు కాదు.

మరి చేతులు ముడుచుకు కూర్చోవాలా అంటే, ఎవరు కూర్చున్నారు? కొండలన్నీ కొట్టి తీసుకున్నాం కదా. చేతికి చిక్కినవాడి జోలికి వెళ్లొద్దనే నియమం, ఎదురు కాల్చేవాణ్ణి కొట్టొద్దని కాదు.

కాలియా గారి నాన్నగారు న్యాయం కోసం 2012లో సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. ఆ ఆరుగురి విషయంలో ఒక్కడికీ శిక్ష పడలేదు. నియమం పాటించి మనం బావుకున్నదేమిటని ఆయన అడిగితే, ఆయన ముందు నిలబడి ఇవన్నీ చెప్పడానికి నాకు నోరు రాదు.