కేస్ షీటులో పట్టని సంగతులు

ప్రశ్న: మా అమ్మాయి ఎంబీబీఎస్ రెండో ఏడాది. వార్డులో చూసిన పేషెంట్ల గురించి కథల్లాగా ఓ నోట్‌బుక్ నింపుతోంది. కాలేజీలో కూడా కథలు చదివించి చర్చ పెడుతున్నారట. పీజీ సీటు కోసం చదవాల్సిన టైంలో ఇవన్నీ అవసరమా?
– ఒక తండ్రి

జవాబు: మీ టెన్షన్ అర్థమైందండీ. ఆ నోట్‌బుక్ వల్ల నీట్ పీజీలో ఒక్క మార్కూ పెరగదు. అయినా మాన్పించకండి.

కాలేజీలో జరిగేది కాలక్షేపం కాదు. 2019లో చేరిన బ్యాచ్ నుంచి ‘ఎట్‌కామ్’ పేరుతో వైఖరి, నైతికత, మాటతీరు కూడా సిలబస్‌లో భాగమే. పేషెంట్ కావడమంటే ఏమిటన్నది మొదటి ఏడాదిలోనే ఒక పాఠం. ఇక నోట్‌బుక్ అంటారా, అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీలో డాక్టర్ రీటా షారన్ తన విద్యార్థుల చేత పనిగట్టుకుని ఇలాంటిదే రాయించారు. కేస్ షీటులో చోటు లేని సంగతుల కోసం.

కథ ఎందుకంటే చెబుతాను. టాల్‌స్టాయ్ 1886లో అచ్చువేసిన ‘ఇవాన్ ఇల్యీచ్ మరణం’ చాలా మెడికల్ కాలేజీల్లో చదివిస్తారు. మంచం పట్టినాయన బతకడని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. తగ్గిపోతుందన్న ఆ నటనే ఆయన్ని నలిపేస్తుంది. నటించనిది పనివాడు గెరాసిమ్ ఒక్కడే. నొప్పి తగ్గుతుందని ఆయన కాళ్ళు తన భుజాల మీద పెట్టుకుని రాత్రిళ్ళు కూర్చుంటాడు.

ఇది మనకి తెలియని కథా? “రిపోర్టు సంగతి నాన్నకి చెప్పకండి డాక్టర్ గారూ” అని వరండాలో చేతులు పట్టుకునే కొడుకు మన ఆస్పత్రుల్లోనూ కనిపిస్తాడు. అతను చెడ్డవాడు కాదు, భయపడుతున్నాడు. లోపలున్న తండ్రికి మాత్రం పొలం ఎవరి పేర రాయాలో ఈ వారంలోనే తేల్చుకోవాలని ఉండొచ్చు. హౌస్‌సర్జన్‌గా మీ అమ్మాయి ఆ ఇద్దరి మధ్య నిలబడే రోజు వస్తుంది. అక్కడ నాలుగు ఆప్షన్లు ఇవ్వరు.

కథలు చదివితే చాలు దయ పుట్టుకొస్తుందని నేను నమ్మను. బాగా చదువుకున్న కఠినాత్ములు బోలెడుమంది. క్లాసులో ఒకరు కొడుకు పక్షం, ఒకరు తండ్రి పక్షం పట్టి వాదించుకుంటేనే ఉపయోగం.

అమ్మాయికి ఒక జాగ్రత్త చెప్పండి. నోట్‌బుక్‌లో పేషెంటు పేరు, ఊరు, బెడ్ నంబరు ఉండకూడదు. వాట్సాప్ స్టేటస్‌లో అసలే వద్దు. వారానికి ఒక గంట చాలు. పాథాలజీ, ఫార్మకాలజీ ఇంటర్నల్స్‌లో మార్కులు తగ్గితే నాకు మళ్ళీ రాయండి. అప్పుడు కూడా ముందు ఫోన్ మీద గడిపే టైం లెక్క చూద్దాం, నోట్‌బుక్ సంగతి తర్వాత.