వాన పడితే ఫోన్‌లో గరగర

ప్రశ్న: వాన పడితే మా ల్యాండ్‌లైన్‌లో గరగరమంటుంది. ఫోన్ మోగితే బ్రాడ్‌బ్యాండ్ ఆగిపోతుంది. లోపం ఇంట్లోనా, బయటా?

జవాబు: ఇవి రెండు వేర్వేరు జబ్బులు కావచ్చు. ముందు ఇంట్లో అదే లైన్‌కు కలిపిన అదనపు ఫోన్లు, మోడెమ్ అన్నీ తీసేసి, బయటి తీగ వచ్చే మొదటి డబ్బాకు ఒక్క ఫోన్ మాత్రమే పెట్టి వినండి. గరగర పోతే లోపం ఇంటి వైరింగ్‌దో, తీసేసిన పరికరాలదో. ఉంటే బయటి తీగది. ఫిర్యాదులో ‘మొదటి డబ్బా దగ్గరే శబ్దం’ అని చెప్పండి, లైన్‌మన్‌కు సగం పని తగ్గుతుంది. సాధారణంగా దోషి గోడ మీదో స్తంభం మీదో మెలిపెట్టి టేపు చుట్టిన అతుకే. నీరు దిగి రాగి పచ్చబడుతుంది. పైన మళ్లీ టేపు చుట్టించుకోకండి. పచ్చబడిన మేర కత్తిరించి, నీరు చొరకుండా జెల్లీ నింపిన కనెక్టర్ వేయమని గట్టిగా అడగండి.

ఫోన్ పెట్టేసి ఉన్నప్పుడు లైన్‌లో దాదాపు 48 వోల్టుల డీసీ ఉండాలి. మోగేటప్పుడు 75 వోల్టుల ఏసీ దాకా వస్తుంది, తీగలు ముట్టుకోవద్దు.

ఇక బ్రాడ్‌బ్యాండ్ ఆగడానికి సాధారణ కారణం స్ప్లిటర్ (ఫోన్ మాటను, ఇంటర్నెట్ సంకేతాన్ని వేరుచేసే చిన్న డబ్బా) లేకపోవడం, లేదా చెడిపోవడం. మోడెమ్ తప్ప ప్రతి ఫోన్ స్ప్లిటర్ ఫోన్ రంధ్రం నుంచే వెళ్లాలి. ఒక్క ఫోన్ తప్పించుకున్నా ఇదే గొడవ.