శ్రీకాకుళంలో ఉంటూ కొత్త బట్టల డిజైనర్లను పైకి తెచ్చే వ్యాపారం చేయొచ్చా?

తప్పకుండా చేయొచ్చు. ముందు మీరు ఎంచుకున్న డిజైనర్‌ని వెంటబెట్టుకుని ఖద్దరు నేతకి పేరున్న పొందూరు వెళ్లి ఒక పూట కూర్చోండి. అక్కడ ఆడవాళ్లు వాలుగ చేప దవడ ఎముక పళ్లతో పత్తిని దువ్వుతారు. సన్న ఖద్దరుకి నూలు అలాంటి దూదితోనే వడుకుతారు. ఇది కళ్లారా చూడకుండా కంప్యూటర్లో గీసిన డిజైన్ మగ్గం మీద నిలవదని నా గట్టి నమ్మకం.

ఇక డబ్బు. సరుకు అమ్ముడయ్యాక ఇస్తామంటే కొత్తవాళ్లకి టెన్షనే. మొదటి పది పీసులైనా రొక్కమిచ్చి కొనండి. లేబుల్ మీద డిజైనర్ పేరుతో పాటు నేసినవాళ్ల పేరూ వేయించండి. రెండోసారి వచ్చే కస్టమర్ ఆ పేర్లే అడుగుతాడు.