మొదటి బాణం ఎక్కడ పడుతోంది?

ప్రశ్న: అన్నగారూ, మేము పిట్స్‌బర్గ్ దగ్గర ఉంటాం. ఈ అక్టోబరులో మొదటిసారి జింక వేటకు వెళ్దామని కాంపౌండ్ విల్లు (చివర్లలో చక్రాలుండే విల్లు) కొన్నాను. హంటర్ ఎడ్యుకేషన్ క్లాసు, లైసెన్సు అయిపోయాయి. రోజుకు వంద బాణాలు వెయ్యాలని ఒకరు, ట్యూనింగ్‌కే (బాణం తిన్నగా వెళ్ళేలా విల్లుని సరిచెయ్యడానికే) ఇంకా చాలా ఖర్చవుతుందని ఇంకొకరు టెన్షన్ పెడుతున్నారు. ఆర్చరీ క్రీడాకారిణి జ్యోతి సురేఖ గారిలా సాధన చెయ్యడం నావల్ల కాదు. నిజంగా ఎంత అవసరం?
— ఒక పాఠకుడు, పెన్సిల్వేనియా

జవాబు: తమ్ముడూ, వంద అక్కర్లేదు. సురేఖ గారు 50 మీటర్ల దూరంలో కదలని టార్గెట్‌ని వరసగా కొడుతూనే ఉండాలి. మీరు వెయ్యాల్సింది 20 గజాల్లో ఒక్క బాణం. అది గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోట తగలాలి. తెల్లతోక జింకకి ఆ చోటు సుమారు 8 అంగుళాలు. పక్కకి పోతే ఆ జీవి గాయంతో గంటల తరబడి నరకం చూస్తుంది. నా బాధంతా దాని గురించే.

అందుకే ఆఫీసు నుంచి రాగానే, చెయ్యి కుదురుకోకముందే వేసే మొదటి బాణం ఎక్కడ పడిందో చూసుకోండి. అడవిలో మీకు దొరికేది అదే. ఆ తర్వాత పది పదిహేను చాలు. చెయ్యి అలిసిపోయాక వేస్తే చెడ్డ అలవాట్లే మిగులుతాయి. వేటకి వేసుకునే జాకెట్‌తోనే, కూర్చుని కూడా వెయ్యండి. పెన్సిల్వేనియాలో జింకకి విల్లు బలం (నారి లాగడానికి పట్టే బలం) కనీసం 35 పౌండ్లు ఉండాలి. పైన ఎంతైనా, కూర్చున్నచోటే విల్లుని ఆకాశం వైపు ఎత్తకుండా నిదానంగా లాగగలిగినంతే పెట్టుకోండి.

ట్యూనింగ్ సంగతి. ముందు మీ విల్లు బలానికీ, మీరు లాగే పొడవుకీ సరిపడే గట్టిదనమున్న బాణాలు కొనండి. షాపులో కాగితం గుండా ఒక బాణం వేయించి, చిరుగు లేకుండా గుండ్రటి చిల్లు పడేలా సరిచేయించండి. తర్వాత ఇంటి దగ్గర అసలు పరీక్ష: 20 గజాల నుంచి ఒక ఫీల్డ్ పాయింట్ (సాధనకి వాడే మామూలు మొన ఉన్న బాణం), ఒక బ్రాడ్‌హెడ్ (వేటకి వాడే బ్లేడ్ల మొన ఉన్న బాణం) వెయ్యండి. బ్రాడ్‌హెడ్ బ్లేడ్లు గాలిని పట్టుకుంటాయి కాబట్టి బాణం వంకరగా వెళ్తే ఇట్టే బయటపడుతుంది. అది ఫీల్డ్ పాయింట్‌కి కుడివైపు పడితే రెస్ట్‌ని (విల్లు మీద బాణం ఆనే భాగాన్ని) వెంట్రుకవాసి ఎడమకి జరపండి. రెండూ ఒకేచోట పడ్డాయా, ఇక ఆ విల్లు జోలికి పోకండి. కొత్త సైట్లు (గురి చూసే పరికరాలు), కొత్త స్టెబిలైజర్లు (విల్లు కదలకుండా తగిలించే బరువు కడ్డీలు) వద్దు.

ఏ ట్యూనింగూ తీర్చలేనిది ఒకటుంది. నారి చప్పుడు బాణం కంటే నాలుగు రెట్లు వేగంగా జింక చెవిన పడుతుంది. 40 గజాల దూరానికి బాణం చేరేందుకు దాదాపు అర సెకను. ఈలోగా జింక దూకడానికి ఒళ్ళు కిందికి కుంగిస్తుంది, సరిగ్గా గురిపెట్టిన బాణం కూడా వీపు మీదుగా పోతుంది. ఈ ఏడాదికి 20 గజాలు దాటి వెయ్యకండి, ఎంత పెద్ద కొమ్ములు కనిపించినా.

ఇండియా పాఠకులకు ఒక మాట: అక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింక వేట నేరం. ఇదంతా పెన్సిల్వేనియా సంగతి.

అన్నట్టు, పరీక్షకి వాడిన బ్లేడ్లు మొద్దుబారతాయి. వేటకి కొత్తవి బిగించుకోండి. చెట్టెక్కితే నేల మీదినుంచే హార్నెస్ (కింద పడకుండా ఆపే బెల్టు) తగిలించుకోండి.